అమృతం తర్వాత మనల్ని ఎక్కువ నవ్వించింది సీరియళ్లే, ఒప్పుకోండి

అంజి_పార్ట్‌నర్ · శుక్రవారం రాత్రి 9:48

మొన్న ఆదివారం పప్పుచారు, అప్పడాలతో అన్నం తిని, కునుకు పట్టేదాకా ఒక్క ఎపిసోడ్ చూద్దామని యూట్యూబ్‌లో అమృతం పెట్టా. నాలుగు ఎపిసోడ్లయ్యాయి, కునుకు పోయింది. 2001లో జెమినిలో మొదలైన సీరియల్ అది. ఇప్పుడు చూస్తే సెట్టు పెళ్లిపందిరి విప్పేసిన మర్నాడు ఉన్నట్టుంది. అయినా ఆ సీరియల్లోని హోటలు అమృత విలాస్‌లో అమృతం, అంజి ఇద్దరూ తలకాయలు దగ్గరపెట్టి కొత్త పథకం మొదలెట్టగానే నాకు నవ్వు మొదలు. ఎలా మునుగుతారో తెలుసు, ఎప్పుడు మునుగుతారోనని చూడ్డమే.

అదే రాత్రి ఇప్పటి కామెడీ షో ఒకటి పెట్టా. జడ్జిగారు కుర్చీలోంచి కిందకి జారిపోతున్నారు. పక్కాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. నేనేమో ఏదో వినపడలేదేమోనని సౌండు పెంచుకుంటూ కూచున్నా.

కాబట్టి నా సిద్ధాంతం ఇది: ఇవాళ తెలుగు టీవీలో అసలు కామెడీ సీరియళ్లలో ఉంది. తీసేవాళ్లకి ఆ సంగతి తెలియకపోవడమే దాని అందం.

కార్తీక దీపమే తీసుకోండి. ఆ డాక్టర్ బాబు మనిషి డాక్టరు. పిల్లలు పుట్టరని ఒక రిపోర్టు చూపిస్తే నమ్మేశాడు. చూపించిందెవరు? ఆయన్ని చేసుకోవాలని కాచుక్కూచున్న మోనిత! మనం మోకాలు నొప్పికే ఇద్దరు డాక్టర్లకి చూపించుకుంటాం. ఈయన భార్యని అనుమానించి ఏళ్లకేళ్లు మొహం మాడ్చుకున్నాడు గానీ ఇంకో ల్యాబ్ మెట్లెక్కలేదు. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా సాగింది. ఆ ఇంటి ఎదురుగా ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఉండుంటే మూడు వారాల్లో శుభం కార్డు పడేది.

గమనిక: నేను సీరియళ్లు చూడను. అమ్మ పెడితే చెవిన పడతాయి, అంతే.

వైజాగ్_సముద్రం · రాత్రి 10:05

చూడనంటూనే నెలలతో సహా అప్పజెప్పారు గురువుగారూ. మీ చెవి చాలా మంచిది.

మీకిది కామెడీ గానీ మా ఊళ్లో యుద్ధం నడిచింది. 2020లో ఐపీఎల్ యూఏఈలో పెట్టారు కదా, మ్యాచ్ రాత్రి ఏడున్నరకి, కార్తీక దీపం వంటలక్కా ఏడున్నరకే. మా విశాఖ కుర్రాడొకడు ఇంట్లో రిమోట్ గొడవ తట్టుకోలేక, సీరియల్ టైము మార్చండి బాబూ అని ట్విటర్‌లో స్టార్ మా వాళ్లని బతిమాలాడు. వాళ్లు టైము మార్చలేదు. ఇంటికి ఇంకో టీవీ పంపించారు. పరిష్కారం అంటే అదీ.

దూరదర్శన్_తాత · రాత్రి 10:31

మీరంతా అమృతాన్ని పాత సంగతి అంటుంటే నాకు నవ్వొస్తోంది నాయనలారా. మాకు పాతదంటే ఆనందో బ్రహ్మ. హైదరాబాదు దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం. సినిమాల్లో లెక్చరర్ వేషాలు వేసి మీకందరికీ తెలిసింది తర్వాత. అప్పట్లో ఆయన మొహంలో ఏమీ కదిలేది కాదు, మాట మాత్రం కదిలేది. చాలా మర్యాదగా, ఆఫీసులో సెలవుచీటీ చదువుతున్నట్టు మాట్లాడేవాడు. ఎదుటివాడికి తగిలిందని రెండు మాటల తర్వాత గాని తెలిసేది కాదు. 2013 డిసెంబరులో పోయారు. ఆ మర్యాద కూడా ఆయనతోనే పోయింది.

ఇక దూరదర్శన్‌లో అన్నిటికంటే ఎక్కువ కాలం ఆడిన కార్యక్రమం ఏదంటారా? అంతరాయానికి చింతిస్తున్నాము. దానికి యాంకరూ లేదు, జడ్జీ లేడు, వీధి వీధంతా మాత్రం ఒక్కసారే స్పందించేది.

వరంగల్_పోరడు · రాత్రి 10:52

సీరియళ్లు సరే అన్నా, జబర్దస్త్‌ను గట్ల తీసిపారేస్తే ఊకోను. 2013 ఫిబ్రవరిల షురువైంది. కొత్తల గురువారం రాత్రయిందంటే మా గల్లీల మనిషి కనవడకపోతుండె. ధనరాజ్, వేణు, చమ్మక్ చంద్ర, రాఘవ, చంటి… ఒక్కొక్కనిది ఒక్కో తీరు. తర్వాత సుధీర్, శ్రీను, రాంప్రసాద్ ముగ్గురు కలిసి వస్తే సగం స్కిట్ మొకాలతోనే నడుస్తుండె. అయినంక అయినంక ఒకటే పాట అయింది, అది నేనూ ఒప్పుకుంట. కని గా వేణునే చూడు. పదేండ్లకు బలగం తీసిండు. పిట్ట ముట్టని పిండం మీద సినిమా తీసి ఊర్లకు ఊర్లను ఏడిపిచ్చిండు. స్కిట్ చేసినోడంటే అంత అలకగ చూడొద్దు.

ఇంకో ముచ్చట. తీన్మార్ వార్తలు రాకముందు టీవీల మా భాష ఎవలు మాట్లాడుతుండె? రౌడీ. లేకపోతే పనిమనిషి. వీ6ల సావిత్రక్క, బిత్తిరి సత్తి వచ్చి వార్తలే మా యాసల జెప్పిరి. ఆ అంగీ, ఆ నడక, పోయి పెద్ద మనిషిని అమాయకంగ అడిగే ఉల్టా సవాలు… మా నాయినమ్మ అప్పటిదాంక టీవీని దూరంకెళ్లి చూసేది. ఆ దినం పీట దగ్గరికి జరుపుకొని కూసున్నది. "గీ పిల్ల మన దిక్కుదే" అన్నది. గది మాకు కామెడీ కంటె ఎక్కువ.

నీలాంబరి_గుంటూరు · రాత్రి 11:10

పోరడు తమ్ముడూ, తీన్మార్ మాటకి నీకు నూరు మార్కులు. జబర్దస్త్ మాట దగ్గర ఆగు.

మగాడికి చీర కట్టి, "భార్య" అని పేరు పెట్టి, లావుగా ఉందనో నల్లగా ఉందనో రెండు మాటలని, ఆఖర్న చెంప మీద ఒకటి వేస్తే అది స్కిట్టా? అదే ఆడమనిషిని నిలబెట్టి కొట్టండి చూద్దాం, ఎవరు నవ్వుతారో. చీర లోపల ఉన్నది మగాడని తెలుసు గనకే మనకి అంత ధైర్యంగా నవ్వొస్తోంది. ఆ వేషాలు వేసిన కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు బాగా చేశారు. నడకలో, కొంగు సర్దుకోవడంలో కొందరు నాకే పాఠం చెప్పగలరు.

మగవాళ్లు ఆడవేషం వెయ్యడం మనకి కొత్తా? స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే ఆ జడ చూడ్డానికి ఊళ్లనించి బళ్లు కట్టుకొచ్చేవాళ్లని మా అమ్మమ్మ చెప్పేది. ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఆ సత్యభామ కృష్ణుణ్ణి తన్నింది గానీ ఎవరిచేతా తన్నించుకోలేదు.

అమృతంలో చూడండి. సంజీవని, శాంత మొగుళ్లని తిడతారు, వాళ్ల తిక్క పథకాలకి విసుక్కుంటారు, ఒక్కోసారి వాళ్లూ దిగి మునుగుతారు. వాళ్ల రంగుమీద, ఒంటిమీద నడిచిన సీరియల్ కాదది.

సామర్లకోట_ఆయ్ · శనివారం ఉదయం 7:20

అంజి గారూ, ఆ జడ్జీలు ఎందుకలా నవ్వుతారో నాకు తెలీదు గానండి, ఆ వెనకాల కూర్చున్న జనం ఎందుకు నవ్వుతారో నేను చెప్తానండి. నేనూ కూర్చున్నాను కాబట్టి.

షో పేరు చెప్పనండి. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ కోచింగ్‌కెళ్లే రోజులండి అవి. కోచింగ్ అంటే ఫీజు కట్టాను, వెళ్లలేదనుకోండి. మా రూమ్మేటు "మనిషికి 300, బిర్యానీ పొట్లం, ఏసీలో కూర్చోడమే పని" అన్నాడు. అంతకంటే మంచి ఉద్యోగం నాకు ఇప్పటికీ రాలేదండి. పొద్దున్నే ఏడింటికి బస్సెక్కించారు. లోపలికెళ్లాక రంగు చొక్కాలన్నీ ముందుకి, తెల్లచొక్కాలు వెనక్కి. నాది ఆకుపచ్చ గళ్ల చొక్కా, ముందు వరసలో పడ్డాను.

స్టేజి మీద ఎవ్వరూ లేరండి. ఒక్క స్టూలు, దానిమీద ఎవరో తాగేసిన టీ గ్లాసు. ఒకాయన మైకు పట్టుకొచ్చి "మామూలుగా నవ్వండి" అన్నాడు. నవ్వాం. "పగలబడి నవ్వండి" నవ్వాం. "నవ్వుతూ పక్కవాణ్ణి కొట్టండి" కొట్టాం. నా పక్కనున్నాయన నిజంగానే కొట్టాడండి. "ఆశ్చర్యపోండి. కన్నీళ్లు పెట్టుకోండి. లేచి చప్పట్లు." రెండు గంటలు ఆ టీ గ్లాసుని చూసి ఏడ్చాం, నవ్వాం.

సాయంత్రం నాలుగు దాటాక ఆర్టిస్టులొచ్చారు. స్కిట్టు నిజంగా బావుందండి! నాకు నవ్వు ఆగలేదు. మైకు పట్టుకున్నాయన పరుగెత్తుకొచ్చి "నవ్వకండి, డైలాగు మీద పడుతోంది. మీ నవ్వులు పొద్దున్నే తీసేసుకున్నాం కదా" అన్నాడు.

ఆ వారం టీవీలో కనపడ్డాను, ఇంట్లో పండగ. తర్వాతి వారం ఇంకో స్కిట్టుకీ నవ్వుతూ కనపడ్డాను. మూడోవారం మా అత్త ఫోన్ చేసి, "ఒరే, ఆ చొక్కా ఉతుక్కుంటున్నావా లేదా?" అని అడిగిందండి.

రీల్_కట్టర్ · ఉదయం 9:02

ఆయ్ గారి చొక్కా నేను కట్ చేసుండొచ్చు. కొన్నేళ్లు ఈ పనే చేశా, ఎక్కడో అడగొద్దు.

మా దగ్గర నవ్వులన్నీ విడిగా ఒక బిన్‌లో పెట్టుకుంటాం. మామూలు నవ్వు, పెద్ద నవ్వు, జడ్జి బల్ల మీద కొట్టే నవ్వు, నీళ్లు తాగబోయి ఆపుకునే నవ్వు. పంచ్ పేలలేదనిపిస్తే పెద్ద నవ్వు. పంచ్ అసలు లేకపోతే బల్ల మీద కొట్టే నవ్వు. పేలిన పంచ్‌కి ఏమీ అక్కర్లేదు, ఒక సెకను ఖాళీ వదిలితే చాలు. ఆ సెకను వదిలిన సందర్భాలు నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సీరియల్ లెక్క వేరు. అరగంట స్లాటులో ప్రకటనలు పోగా మనం నింపాల్సింది 21, 22 నిమిషాలు. రోజూ. షూటింగ్ నుంచి కొన్నిసార్లు 15 నిమిషాల సరుకే వస్తుంది. మిగతాది ఎక్కణ్ణుంచి తేవాలి? హాల్లో ఎనిమిదిమంది నిలబడ్డారనుకోండి. కోడలు "నేను ఈ ఇంట్లోంచి వెళ్లిపోతున్నాను" అంది. ఒక్కో మొహానికి 5 సెకన్లు, రెండు రౌండ్లు. నిమిషం ఇరవై సెకన్లు నా జేబులో. అందుకే ఉమ్మడి కుటుంబాలు. మన సంప్రదాయం మీద ప్రేమ అనుకుంటారు జనం, కాదు, మొహాలు కావాలి.

ఒకసారి ఎనిమిదో మొహం దగ్గర పనిమనిషి వేషం వేసినావిడ ఆవులించింది. చూసుకోలేదు, వెళ్లిపోయింది. మర్నాడు నిర్మాత గారి నుంచి ఫోన్. తిడతారనుకున్నా. "ఆ అమ్మాయికి ఏదో రహస్యం తెలుసని జనం అనుకుంటున్నారట, రెండు సీన్లు పెంచుదాం" అన్నారు.

వైజాగ్_సముద్రం · ఉదయం 9:10

ఆవులింతతో ప్రమోషను! మా ఆఫీసులో ఆవులిస్తే మెమో ఇస్తారు.

కర్నూలు_కారం · ఉదయం 10:44

అందురూ జోకులు సెప్తాండారు, మా అవ్వ సంగతి ఇనండి.

క్యాష్ అని సుమ షో వస్తాండె కదా. ఆఖర్న సామాన్లన్నీ వరసగా పెడతారు. జవాబు తెలీకపోతే టీవీ, ఫ్రిజ్జు, వాషింగ్ మిషను ఒకదాని ఎనకాల ఒకటి కింద పడి పగిలిపోతాయి. ఆడ అందురూ నవ్వేటోళ్లు. మా అవ్వ మాత్రం గుండె మీద చెయ్యి పెట్టుకునేది. "ఒరే, ఆ ఫ్రిజ్జు ఏం పాపం జేసిందిరా" అని. మా ఇంట్లో అప్పటికి ఫ్రిజ్జు లేదు. మజ్జిగ కుండని తడిగుడ్డ సుట్టి మూల పెట్టుకునేటోళ్లం.

మా నాయన సమాధానపరుద్దామని "అది ఉత్త డబ్బానేలేమ్మా, లోపల ఏమీ ఉండదు" అన్యాడు. "ఉత్త డబ్బా అయితే ఏమి, ఇయ్యమను, బియ్యం పోసుకుంటా" అనె.

అయినా వారం వారం కూచోనేది. సుమ కోసరం. సుమది కేరళ అని నేను సెప్తే నమ్మలే. "ఆ పిల్ల మాట్లాడేది నీ కంటే శుద్ధంగా ఉంది, నువ్వే కేరళ" అని నన్నే అనె.

బీబీ_బానిస · ఉదయం 11:15

నన్నడిగితే అన్నిటికంటే పెద్ద కామెడీ షో బిగ్ బాస్. ఆ కనపడని గొంతు వినండి ఎంత గ్రాంథికంగా ఉంటుందో. గిన్నెలు తోమమని, మూడు కోడిగుడ్లు పంచుకోమని చెప్పడానికి అంత రాజాజ్ఞ గొంతు! మొదటి సీజను 2017లో ఎన్టీఆర్ చేసినప్పుడు ఇల్లు లోనావాలాలో వేశారు, తర్వాతేమో మన అన్నపూర్ణ స్టూడియోకొచ్చింది. ఇంతకీ కౌశల్ అభిమానులు, అదే కౌశల్ ఆర్మీ వాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా? రెండో సీజన్లో అసలు…

మోడరేటర్ · ఉదయం 11:17

బిగ్ బాస్‌కి వేరే థ్రెడ్ ఉంది. 2018 నుంచి నడుస్తోంది, ఇంకా చల్లారలేదు. దయచేసి అక్కడికి వెళ్లండి. కౌశల్ అన్న మాట వినపడితే నాకు చెయ్యి వణుకుతుంది.

ఫ్రిస్కోలో_పెసరట్టు · మధ్యాహ్నం 12:30

ఇక్కడ నడిరాత్రి దాటింది, అయినా రాయకుండా ఉండలేను.

అత్తయ్యగారు ఆర్నెల్ల కోసం వచ్చినప్పుడు మా ఇంటి టైము మొత్తం కార్తీక దీపం ప్రకారం మారిపోయింది. అక్కడ రాత్రి ఏడున్నరంటే ఇక్కడ పొద్దున తొమ్మిది. సరిగ్గా మా ఆయన ఆఫీసు మీటింగ్ టైము. ఒకరోజు ఈయన మ్యూట్ నొక్కడం మర్చిపోయారు. వెనకాల ఉరుము, మెరుపు, పళ్లెం కిందపడిన చప్పుడు, "దీపా!" అని కేక. అవతల మేనేజరు కంగారుపడి, ఇంట్లో అంతా క్షేమమేనా, ఎవరికైనా ఫోన్ చెయ్యాలా అని అడిగాడట. ఈయన "మా అమ్మ టిఫిన్ చేస్తోంది" అని చెప్పారు.

అమృతం మాత్రం నేను పిల్లలకి తెలుగు రావాలని పెట్టా. వచ్చింది. మా తొమ్మిదేళ్లవాడు మొన్న ఇంటి ఓనరుకి గరాజ్ తలుపు పాడైందని చెప్పడానికి వెళ్తూ, "అప్పాజీ ఇంట్లో ఉన్నాడంటావా?" అని అడిగాడు. వాడి దృష్టిలో ఇంటి ఓనరంటే అప్పాజీయే.

అంజి_పార్ట్‌నర్ · మధ్యాహ్నం 3:05

పెసరట్టు గారూ, మీవాడికి నా ఆశీస్సులు. శివన్నారాయణ గారు ఆ అప్పాజీని ఎంత గట్టిగా వేశారంటే నేను ఇప్పటికీ అద్దెకి ఇల్లు చూసేటప్పుడు ముందు ఓనరు మొహం చూస్తా.

నీలాంబరి గారి మాటకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. కానీ అమృతం గురించి ఒకటి ఎవరూ అనలేదు. అందులో హీరో ముగ్గురు మారారు. ముందు శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. సంజీవని ఎంతమంది మారారో నాకు లెక్కే లేదు. మామూలు సీరియల్లో హీరో మారితే యాక్సిడెంటు పెట్టి, మొహానికి కట్టు కట్టి, ప్లాస్టిక్ సర్జరీ చేయించి, అందరూ ఎనిమిది మొహాలతో ఆశ్చర్యపోవాలి. ఇక్కడ ఏమీ లేదు. ఒక వారం ఒకాయన, ఆ తర్వాత ఇంకొకాయన. మనమూ పట్టించుకోలేదు. ఎందుకని?

నాకు తోచింది, ఆంజనేయులు మారలేదు. గుండు హనుమంతరావు గారు మొదట్నించి చివరిదాకా ఉన్నారు. అమృతం కలలు కంటాడు. ఆ కల విని, "సరేరా" అనేముందు అంజి మొహంలో ఒక క్షణం భయం కనపడుతుంది చూడండి, నేను ఆదివారం నాలుగు ఎపిసోడ్లలోనూ దానికోసమే కాచుకున్నా. ఇది మునుగుతుందని వాడికి తెలుసు. అయినా వెనకాల వెళ్తాడు. రీల్ కట్టర్ గారు చెప్పిన ఆ ఖాళీ సెకను అదే. అక్కడ ఎవడూ నవ్వు అతికించలేదు. 2018లో ఆయన పోయారని తెలిసినరోజు మా హాస్టల్ బ్యాచ్ మొత్తం ఎవరిళ్లల్లో వాళ్లం అమృతం పెట్టుకుని కూచున్నాం.

దూరదర్శన్_తాత · మధ్యాహ్నం 3:40

దానికి టైటిల్ పాట సిరివెన్నెల చేత రాయించారు. ఒక ఇడ్లీ హోటల్ సీరియల్‌కి! దాన్ని తీసిన గుణ్ణం గంగరాజు గారి ధైర్యం అది. తర్వాత 2020 ఉగాదికి రెండో అమృతం తీశారు, చూశాను. అంజి లేడు కదా.

నీలాంబరి_గుంటూరు · సాయంత్రం 5:12

సర్వాన్ని మర్చిపోయారు అందరూ. వాసు ఇంటూరి. హోటల్లో సర్వరు, కస్టమరు కంటే తనకే ఎక్కువ ఆకలి. నాకు అంజి తర్వాత వాడే.

వరంగల్_పోరడు · సాయంత్రం 6:30

అక్కా, నీ మాట రాత్రంత ఆలోచన జేసిన. యూట్యూబ్‌ల పాత స్కిట్లు పది పెట్టి చూసిన. మొగుడు పెండ్లాం కానియి నాలుగు ఎల్లినయి. గా నాలుగూ మస్తున్నయి. మిగిలిన ఆరు… ఏం జెప్పను. మా చెల్లె పక్కన కూసున్నది, నేనే బంద్ జేసిన.

వైజాగ్_సముద్రం · రాత్రి 7:58

అంజి పార్ట్‌నర్ గారూ, చిన్న అనుమానం. మొన్న వేరే థ్రెడ్‌లో అమ్మగారు అక్కయ్య దగ్గరికి రాజమండ్రి వెళ్లారు, పదిహేను రోజులు నేనే వండుకుంటున్నా అని రాశారు కదా. మరి ఈ వారం సీరియళ్లు మీ చెవిన ఎవరు వేస్తున్నారు?

వైజాగ్_సముద్రం · రాత్రి 8:20

అంజి గారూ?

సామర్లకోట_ఆయ్ · రాత్రి 8:24

మనిషి ఎనిమిదింటి నుంచి ఆన్‌లైన్‌లో లేరండి.

అంజి_పార్ట్‌నర్ · రాత్రి 8:31

కరెంటు పోయింది బాబూ.

రీల్_కట్టర్ · రాత్రి 8:32

ఎక్కడ పోయింది?

అంజి_పార్ట్‌నర్ · రాత్రి 8:32

ఆవిడ మెట్ల మీద నిలబడి చాటుగా వింటోంది చూడండి, అక్కడ. ఎవరైనా చూసుంటే తర్వాత ఏమయిందో చెప్పండి.